అతుకు మీద నది

“నది తప్పెలా అవుతుందే?” అన్నాడు దర్జీ, అప్పటికి మూడోసారి. “లెక్క తప్పవుతుంది, స్పెల్లింగు తప్పవుతుంది. నది తప్పవడమేమిటి?”

“నది కాదు నాన్నా, నేను గీసిన గీత తప్పు.” కూతురు అట్లాసు తెచ్చి కుట్టుమిషను మీద, అతను కుడుతున్న చొక్కా చేతి మీదే పరిచింది. “చూడు. ఈ చిన్న నది పెద్ద నదిలో కలవదు. పక్కనుంచి పోయి తనంతట తనే సముద్రంలో పడుతుంది. నేను కలిపేశాను. నాలుగు మార్కులకి సున్నా.”

“ముందు చొక్కా మీంచి తియ్యి. మరకైతే నన్ను చంపుతాడాయన.”

గోడకి చేరగిలబడి కాజాలు కుడుతున్న నానమ్మ తలెత్తింది. “నీళ్ళు ఎటు పోతే వాళ్ళకేం నొప్పే? ఇవాళ ఇటు పోతాయి, రేపు అటు పోతాయి. దానికి మార్కులు కొయ్యడం ఎక్కడి న్యాయం?”

“పటంలో నీళ్ళు కదలవు నానమ్మా.”

“కదలనివి నీళ్ళెలా అవుతాయి?”

“అబ్బా!” కూతురు అట్లాసు మూసేసింది. “నాకొక్కదానికే అయితే ఊరుకుందును. క్లాసులో నలభై ఒక్కమందికీ అదే సున్నా. అర్ధసంవత్సరం పేపర్లు మన స్కూల్లో దిద్దలేదు కదా, అన్ని స్కూళ్ళవీ కలిపి ఎక్కడో దిద్దారు. నలభై ఒక్కమందీ ఒకే చోట ఒకే తప్పు చేశారంటే ఏమిటి సంగతని పైనుంచి ఉత్తరం వచ్చిందట. సంగతేముంది? భూగోళం చెప్పే గ్లోబు టీచరు తప్పు చూపించింది. ఆవిడకి కళ్ళు కనిపించడం లేదు. మొన్న ఎడారి చూపిస్తానని కర్ర తీసుకెళ్ళి కిటికీ మీద పెట్టింది.”

“టీచర్లని అలా అనకూడదు. పటంలోనే తప్పుందేమో.”

“పటంలోనా?” నానమ్మ సూది ఆపి నవ్వింది. “నీ పెళ్ళాం చేతిలో ఉన్న పటాల్లోనా? ఇంట్లో దారపుండలు రంగుల వరస తప్పితే నిద్రపోదు అది.”

“అదీ నిజమే,” అన్నాడు దర్జీ. వంటగది వైపు గొంతు పెంచాడు. “ఏమే, వింటున్నావా? పటాలు బాగానే ఉన్నాయిగా?”

పటాలమ్మ వింటూనే ఉంది. స్కూల్లో ఆడపిల్లలు ఆమెకి పెట్టిన పేరు అది. పటాల గది ఆమె చేతిలో ఉంది. దులపడం, చిరిగినవి అతకడం, ఏ క్లాసుకి ఏ పటం కావాలంటే అది భుజాన వేసుకెళ్ళి తగిలించడం ఆమె పని. ఇప్పుడు పొయ్యి మీద ఉన్నదీ కూర కాదు, రేపటి అతుకులకి పిండి జిగురు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, ఉండ కట్టకుండా తిప్పుతోంది.

గుమ్మంలోంచి అట్లాసు సగమే కనిపించింది. ఆ సగమే చాలు. కూతురి వేలు ఆగిన చోట ఏముందో ఆమె కంటి కన్నా ముందు చేతికి తెలిసింది. స్కూలు దేశపటంలో అరచెయ్యంత చోటు. నాలుగేళ్ళ కిందట సెలవుల్లో కిటికీలోంచి వాన కొట్టి, తడిసిన చోట పురుగు తినేసింది. వెనకనుంచి చొక్కా అస్తరు గుడ్డ అతికించి, సీసాతో ఒత్తి, ఆరాక మీద రంగులు వేసింది. అట్లాసులున్న బీరువాకి తాళం. చిన్న నది పైభాగం మిగిలింది, కింద ఎటు పోయేదో తెలియలేదు. చుట్టూ గోడలకున్న పటాలన్నీ చూసింది. అన్నిటిలోనూ సన్న గీతలు వెళ్ళి లావు గీతల్లో కలుస్తున్నాయి. ఇదీ అంతే కాబోలనుకుంది. ఊపిరి బిగబట్టి, చెయ్యి వణక్కుండా ఒక్క గీతలో కలిపేసింది.

గరిటె ఆగింది. జిగురు అడుగంటిన వాసన వచ్చింది.

“పటాలకేం?” అంది. “బాగానే ఉన్నాయి.”

*

మంగళవారం గంట కొట్టడానికి ముప్పావుగంట ముందే పటాలమ్మ స్కూలుకి వెళ్ళింది. పటాల గది మెట్ల కింద ఉంటుంది. దేశపటాలు రెండు. ఒకటి పాతది, వెనక గుడ్డ వేసిన పెద్ద పటం. కొండలు కాఫీరంగులో, మైదానాలు ఆకుపచ్చలో, చివరి బెంచీ పిల్లకి కూడా కనిపించేంత పెద్దవి. రెండోది నిరుడు కొన్న ప్లాస్టిక్ పటం. వెలుతురు పడితే మెరుస్తుంది, ముందు బెంచీ పిల్లకి కూడా ఏమీ కనిపించదు. అందుకే గ్లోబు టీచరు ఎప్పుడూ పాతదే అడుగుతుంది.

పాత పటాన్ని కొక్కెం మీంచి దించింది. నేల మీద పరిచి అతుకు మీద చెయ్యి పెట్టింది. ఎంత బాగా కుదిరిందో! అంచు ఎక్కడుందో వెతుక్కోవాలి. కింది కర్రనుంచి బిగించి చుట్టి, నాడా కట్టి, మూలనున్న పటాల దొంతరలో అన్నిటికన్నా అడుగున పెట్టింది. కొక్కేనికి ప్లాస్టిక్ పటం తగిలించింది. చేతులు దులుపుకుంటుంటే తనకే అనిపించింది, ఇది దులపడం కాదని. అయినా దులుపుకుంది.

పదకొండు గంటలకి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. వెనక ఆఫీసు గుమాస్తా.

“దేశపటం ఏది?”

“ఇదే మేడమ్.”

హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు సర్దుకుని, మెరుపు తప్పించడానికి పక్కకి వంగి, గోరుతో నీలిగీత వెంట కిందికి వెళ్ళింది. “సరిగ్గానే ఉందిగా. చిన్న నది విడిగానే పోతోంది. క్లాసులో వాడేది ఇదేనా?”

“ఇది కూడా వాడతారు మేడమ్.”

ఆ ‘కూడా’ గొంతు దాటి సరిగ్గా బయటికి రాలేదు. హెడ్మిస్ట్రెస్ అప్పటికే గుమాస్తా వైపు తిరిగింది.

“మిగతా పటాలన్నీ బాగానే ఉన్నాయా?”

“బాగానే ఉన్నాయి మేడమ్.”

“శుభ్రంగా ఉంచావు గదిని,” అంది హెడ్మిస్ట్రెస్ వెళ్తూ. చెడ్డమనిషి కాదామె. పైనుంచి వచ్చిన ఉత్తరానికి మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. పైగా ఇంగ్లీషు మార్కులు తక్కువొస్తున్నాయని పిల్లల తల్లిదండ్రులు ఏడాదిగా ఆమె ప్రాణం తీస్తున్నారు.

మధ్యాహ్నం గుమాస్తా రెండు కాగితాలు తెచ్చాడు. రెండింటిలోనూ ఒకటే మాటర్, ఇంగ్లీషులో టైపు చేసి ఉంది.

“సంతకం. రెండింటి మీదా. ఒకటి నీ రిజిస్టర్లో పెట్టుకో.”

“ఏముందండీ ఇందులో?”

“నువ్వు చెప్పిందే,” అన్నాడతను. “పటాలు బాగున్నాయని. తొందరగా కానీ తల్లీ, ఇంకా నాలుగు సంతకాలున్నాయి.”

ఏడో క్లాసులో నేర్చుకున్న గుండ్రని అక్షరాలతో, పెన్ను గట్టిగా నొక్కి, రెండు చోట్లా సంతకం పెట్టింది.

*

బుధవారం మూడో పీరియడులో సర్క్యులర్ పట్టుకుని క్లాసు క్లాసుకీ తిరిగింది. పదో తరగతిలో ఆ గంట భూగోళం. బల్ల దగ్గర గ్లోబు టీచరు లేదు. ఇంగ్లీషు టీచరు ఉంది. చిన్న వయసు, చేతిలో సుద్దముక్క, బోర్డు నిండా ఉత్తరం. క్షమాపణ కోరుతూ లేఖ.

“యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్,” అంటోంది టీచరు.

“యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్,” అన్నారు నలభై ఒక్కమందీ.

ఇంగ్లీషులో తప్పులన్నీ జ్వరం వల్లే జరుగుతాయి కాబోలు. ఇంట్లో కూతురు బట్టీ పట్టడం విని విని ఆ ఒక్క ముక్కా పటాలమ్మకీ వచ్చేసింది. క్లాసుకి ఆలస్యమైతే జ్వరం, హోంవర్కు చెయ్యకపోతే జ్వరం, విహారయాత్రకి రాలేకపోతే జ్వరం.

వెనక బెంచీలోంచి ఓ పిల్ల లేచింది. “టీచర్, జ్వరం లేకుండా తప్పు చేస్తే ఏం రాయాలి?”

క్లాసంతా గొల్లుమంది. “పరీక్షలో జ్వరమే అడుగుతారు. కూర్చో,” అంది టీచరు, తను కూడా నవ్వాపుకుంటూ. సర్క్యులర్ అందుకుని చదివింది. చదువుతుంటే మొహంలో నవ్వు తగ్గిపోయింది. ఈ వారం నుంచి పదో తరగతి భూగోళం పీరియడ్లు ఇంగ్లీషుకి. వచ్చే ఏడు పై తరగతుల్లో భూగోళం ఉండదు. మెట్ల కింద గది ఇంగ్లీషు ల్యాబు అవుతుంది.

“నేనడగలేదు,” అంది పటాలమ్మతో, ఎవరో నిలదీసినట్టు. “ఇచ్చారు.”

పటాలమ్మ తలూపి కాగితం వెనక్కి తీసుకుంది. బయటికి వస్తుంటే మూడో బెంచీలో కూతురు కనిపించింది. రూళ్ళకర్ర పొడుగ్గా పట్టుకుని, కళ్ళు చికిలించి, గాల్లో ఏదో వెతుకుతోంది. పక్కపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంటోంది. తల్లి చూసిందని తెలియగానే రూళ్ళకర్ర బెంచీ కిందికి పోయింది.

స్టాఫ్ రూములో గ్లోబు టీచరు ఒక్కతే ఉంది. ముందు బల్ల మీద పుస్తకాల దొంతర. ఒక్కొక్క నోటు పుస్తకం ముక్కుకి ఆనించేంత దగ్గరగా పెట్టుకుని, నెమ్మదిగా పక్కకి జరుపుతూ దిద్దుతోంది. ఆమె క్లాసు ఆమెకి లేదు, దిద్దమని ఎవరూ అడగలేదు. అయినా పేజీ చివర ఎర్ర టిక్కు పెట్టి, సంతకం చేసి, మూసి పక్కన పెడుతోంది.

“ఎవరూ?” అంది అడుగుల చప్పుడుకి.

“నేనేనండీ. సర్క్యులర్.”

“ఓ, నువ్వా! చదివి పెట్టమ్మా, కళ్ళజోడు ఎక్కడో పెట్టాను.”

కళ్ళజోడు ఆమె ముక్కు మీదే ఉంది. పటాలమ్మ కాగితం రెండు చేతుల్తో పట్టుకుంది. తెలుగులోనే ఉంది, చదవొచ్చు. మొదటి లైను చదివింది. రెండోది చదివింది. మూడోదాని దగ్గర ఆగింది. గ్లోబు టీచరు చెయ్యి చాచి, “చాల్లే, అర్థమైంది,” అని, కాగితం మీద సంతకం చెయ్యాల్సిన చోటు వేలితో చూపించమంది. చూపించింది. ఆ వేలి పక్కనే టీచరు సంతకం పెట్టింది, కొద్దిగా పైకి పోతూ.

చెప్పాలనుకుంది పటాలమ్మ. పెదవి విప్పింది కూడా. ఇంతలో గంట కొట్టారు. టీచర్లంతా ఒక్కసారిగా లోపలికొచ్చారు, ఎవరో ఫ్యాను వేశారు, ఎవరో టీ అడిగారు. టీ తేవడానికి వెళ్ళింది.

*

గురువారం మధ్యాహ్నం గ్లోబు టీచరే పటాల గదికి వచ్చింది. గోడ పట్టుకుని రెండు మెట్లు దిగి, గుమ్మం దగ్గర తల వంచి, ఇన్నేళ్ళ అలవాటు మీద తగలకుండా లోపలికొచ్చింది. తన వస్తువులు తీసుకెళ్ళాలంది. చెక్క వృత్తలేఖిని, పటం మీద చూపించే పొడుగాటి కర్ర, రంగు సుద్దల డబ్బా. పటాలమ్మ ఒక్కొక్కటీ తీసి సంచీలో పెట్టింది. కర్ర సంచీలో పట్టలేదు.

“ఎక్కడికండీ ఇవన్నీ?”

“ఇంటికి. పొద్దున రాజీనామా రాసిచ్చేశాను. రేపటినుంచి రాను.”

“ఇంకా రెండేళ్ళ సర్వీసుంది కదండీ!”

“ఉంది. ఎవరికి?” అని నవ్వింది టీచరు. స్టూలు తడిమి కూర్చుంది. “తప్పు చెప్పానని రాసివ్వమన్నారు, ఇచ్చాను. నలభై ఒక్కమంది పిల్లలు కాపీ కొట్టలేదని కూడా రాయండి అన్నాను. అది రాశారులే. అదొక్కటీ బాగుంది.”

పటాలమ్మ నేల మీద కూర్చుండిపోయింది. మూలనున్న దొంతరలోంచి అడుగు చుట్ట లాగడానికి పైవన్నీ ఎత్తాల్సి వచ్చింది. ఖండాలు, వానలు, పంటలు, గనులు, ఒక్కొక్కటే తీసి పక్కన పడేసింది. పాత పటం తెచ్చి టీచరు కాళ్ళ ముందు విప్పింది. ఆమె చెయ్యి పట్టుకుని అతుకు మీద పెట్టింది.

“ఇది నేను గీశానండీ. సెలవుల్లో. నది ఎటు పోతుందో తెలియక కలిపేశాను. మంగళవారం పొద్దున తీసి దాచేశాను. మేడమ్‌కి వేరేది చూపించాను.” టీచరు చెయ్యి ఇంకా వదల్లేదు. “మీరు తప్పు చెప్పలేదండీ. పటం చూసి చెప్పారు.”

టీచరు వేలు అతుకు అంచు వెంట ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ ఇంకో చుట్టు తిరిగింది.

“తెలుసు,” అంది.

పటాలమ్మ తలెత్తింది.

“నువ్వు తగిలించిన మొదటి వారమే చూశాను. అప్పుడు చూపు ఇంత పోలేదు. పదకొండు రోజులు నేల మీద బోర్లా పడుకుని చేశావని వాచ్‌మన్ చెప్పాడు. తగిలించి గుమ్మం దగ్గర నిలబడి చూసుకున్నావు. ఆ మొహం చూసి, వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను. ఆ వచ్చే వారం రాలేదు.”

“చెబితే అరగంటలో మార్చేదాన్ని కదండీ.”

“మార్చేదానివే. నాకే బద్ధకం. పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి చెప్పేదాన్ని, ఇక్కడ పటం ఒప్పుకోకండి, నది విడిగా గీయండి అని. మూడేళ్ళు చెప్పాను. ఈ ఏడు మరిచిపోయాను.” ఆమె వేలు నీలిగీత మీద ఆగింది. గీత పక్కనే ఆగింది, దాని మీద కాదు. “నాకు కనిపించడం మానేసింది కదా, గుర్తుండడం కూడా మానేసింది. కాబట్టి తప్పు నాదే. నేను రాసిచ్చింది అబద్ధం కాదు.”

“నేను వెళ్ళి చెప్తానండీ. ఇప్పుడే చెప్తాను.”

“వద్దు.” గొంతు క్లాసులో గొంతులా మారింది. “నీ కూతురికి వచ్చే ఏడు ఇక్కడే పదకొండులో సీటు కావాలి. ల్యాబులో నీకు పని ఇస్తామన్నారు, నేనడిగాను. నువ్వు చెబితే ఏమవుతుంది? నా కళ్ళు వస్తాయా? ఊరికే ఇద్దరం పోతాం.” లేచి కర్ర అందుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. “పైగా నీ సంతకం కూడా ఉంది కదా. చూపించారు నాకు. చూపించడమేమిటిలే, కాగితం వెనకనుంచి తడిమాను. భలే నొక్కి రాస్తావు నువ్వు.”

“అందులో ఏముందండీ?”

టీచరు సంచీ భుజానికి తగిలించుకుంది.

“ఏదో ఆఫీసు భాష,” అంది. “దాన్ని పట్టించుకోకు.”

మెట్లెక్కుతుంటే ఆ పొడుగాటి కర్ర చివర ప్రతి మెట్టుకీ తగిలింది. అన్నేళ్ళలో ఆ కర్ర నేలకి తగలడం పటాలమ్మ వినలేదు.

*

రిజిస్టర్లోంచి తీసిన కాగితాన్ని మడత పెట్టి జాకెట్టులో దాచుకుని ఇంటికొచ్చింది. దర్జీ మిషను మీద ఉన్నాడు. అత్తగారు గుండీలు ఏరుతోంది. కూతురు గోడ వైపు తిరిగి జ్వరం ఉత్తరం వల్లె వేస్తోంది.

“ఇది చదువు,” అంది పటాలమ్మ, చెప్పులు కూడా విడవకుండా.

“ఏమిటిది?” కూతురు కాగితం విప్పింది. “ఓ, ఫార్మల్ లెటరు! ఇది మాకు ఉంది. పైన కుడిపక్క తేదీ, కింద...”

“అవన్నీ తర్వాత. ఏముందో తెలుగులో చెప్పు.”

కూతురు గొంతు సర్దుకుంది. క్లాసులో లేచి నిలబడ్డప్పటిలా మొదలుపెట్టింది. “‘కింద సంతకం చేసిన నేను... పటాల గది చూసుకునే దాన్ని... తెలియజేసుకునేది ఏమనగా. స్కూలు పటాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏ పటాన్నీ ఎప్పుడూ...’ ఆల్టర్ అంటే మార్చడం... ‘మార్చడం గానీ బాగుచెయ్యడం గానీ జరగలేదు.’” ఆగింది. “బాగుచెయ్యలేదా? నువ్వు ఎప్పుడూ బాగుచేస్తూనే ఉంటావుగా?”

“కానియ్యి.”

“‘భూగోళం టీచరు చూపు లేనందువల్ల... పటం మీద తప్పు చోట్లు చూపించడం... నేను నా కళ్ళతో...’” కూతురు గొంతు తగ్గింది. “‘నా కళ్ళతో చాలాసార్లు చూశాను.’”

మిషను ఆగిపోయింది.

“ఇది నువ్వు చెప్పావా అమ్మా?”

“పటాలు బాగున్నాయన్నాను. అంతే.”

“అంటే ఇది చెప్పలేదు.”

“చెప్పలేదు. కానీ సంతకం నాదే.” పటాలమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, చెప్పింది. వాన, పురుగు, అస్తరు గుడ్డ, గీత, మంగళవారం పొద్దున అడుగున పెట్టిన చుట్ట. చివరికి టీచరు చెప్పిన మాట. ఆపకుండా, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

కూతురు కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది. నాలుగు మార్కుల గురించి అడుగుతుందేమో అనుకుంది పటాలమ్మ. అడగలేదు.

“నేను క్లాసులో ఆవిడలా చేసి చూపించాను,” అంది. “కళ్ళు చికిలించుకుని, రూళ్ళకర్రతో. నిన్న కూడా. అందరూ నవ్వారు.” పైటంచు నోటికి అడ్డం పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

అత్తగారు గుండీల డబ్బా మూత బిగించింది. “అయిందేదో అయింది. ఆవిడ ఎలాగూ వెళ్ళిపోయింది. వద్దని ఆవిడే చెప్పింది. పెద్దమనిషి కాబట్టి చెప్పింది. నువ్వు ఇప్పుడు వెళ్ళి ఒప్పుకుంటే పిల్ల సీటు పోతుంది, నీ పని పోతుంది. ఎవరికి లాభం?”

“అత్తయ్యా, ఆవిడ ఇంట్లో కూర్చుని ఉంటుంది. నా సంతకం తడిమి చూసిన మనిషి.”

“తడిమితే తడిమింది! నువ్వేమన్నా కావాలని రాశావా? సంతకం పెట్టించుకున్నవాడిది తప్పు.”

“పోనీ ఒక పని చెయ్యొచ్చు,” అన్నాడు దర్జీ, దారం తెగ్గొడుతూ. “మన పిల్ల చేత ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయిద్దాం. పేరు లేకుండా. పటంలోనే తప్పుందని మాత్రం రాసి పోస్టులో వేద్దాం. ఎవరు రాశారో ఎవరికి తెలుస్తుంది?”

లోపలినుంచి కూతురు గొంతు వచ్చింది, ముక్కు పట్టేసినట్టు. “పేరు లేకుండా ఉత్తరం మాకు నేర్పలేదు.”

“నీకు అన్నీ నేర్పాలా?”

“ఊరుకోండి,” అంది పటాలమ్మ. “పేరు లేకపోతే ఎవరు నమ్ముతారు? నమ్మినా, ఆ అతుకు గీసింది కూడా టీచరే అంటారు.”

పటాలమ్మ లేచి చెప్పులు విడిచింది. చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో ఎండిపోయిన జిగురు రాలేదు, సబ్బు పెట్టి మళ్ళీ రుద్దింది. వంట చేస్తుంటే అత్తగారు వచ్చి, అడక్కుండానే కూరగాయలు తరిగి ఇచ్చింది. ముక్కలు రోజూ కన్నా సన్నగా ఉన్నాయి. ఇద్దరికీ మాట్లాడాలని ఉంది, ఇద్దరూ కూరగాయల గురించే మాట్లాడుకున్నారు.

చీకటి పడకముందే నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కూతురి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ పిలవగానే వచ్చింది. పటాలమ్మ ముగ్గురికీ వడ్డించింది. తన కంచంలో పెట్టుకుంది. మంచినీళ్ళ గ్లాసు అత్తగారి చేతికి అందేలా జరిపింది.

“రేపు ప్రార్థన గంట కొట్టకముందే హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్తున్నాను,” అంది. “పటం పట్టుకుని వెళ్తాను. ఆవిడ బల్ల మీద పరిచి అతుకు చూపిస్తాను. గీసింది నేను, దాచింది నేను, ఆ కాగితంలో ఉన్నది నా మాట కాదు అని చెప్తాను. గుమాస్తాని కూడా పిలవమంటాను.”

దర్జీ అన్నం కలపడం ఆపాడు. తల్లి వైపు చూశాడు. ఆమె కోడలి వైపు చూస్తోంది.

“సీటు?” అంది అత్తగారు. గొంతులో ఇందాకటి పదును లేదు.

“పోవచ్చు అత్తయ్యా. పోతే వేరే స్కూలు వెతుకుదాం. నా పని కూడా పోవచ్చు. కాజాలు నేనూ కుడతాను.”

“నీకు కాజాలు రావు,” అన్నాడు దర్జీ. మళ్ళీ అన్నం కలుపుతూ, “నేర్పుతాలే,” అన్నాడు.

కూతురు తలెత్తింది. “పొద్దున్నే వెళ్తూ ముందు గ్లోబు టీచరుగారింటికి వెళ్దామా అమ్మా? ఆవిడకి చెప్పి వెళ్ళొచ్చు కదా.”

“వద్దు,” అంది పటాలమ్మ. “చెబితే వద్దంటుంది.”